నాయనమ్మ అనే ప్రోటీన్

జనవరి 9

పిడుగుకి,

ఈ ఉత్తరం నీకు చేరదు. పోస్టు చెయ్యనని తెలిసే రాస్తున్నాను. రాయకపోతే ఈ సంగతి పాలవాడి దగ్గరో పక్కింటావిడ దగ్గరో నా నోట్లోంచి జారిపడుతుంది. బతుకంతా పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని. తప్పు కంటపడ్డాక పెన్ను మూత పెట్టి కూర్చోవడం నాకు చేతకాదు.

మీ అమ్మ అద్దాల మీద గీతలు వెతికే ఆ కళ్ళజోళ్ళ కార్ఖానాకి పోయిన నెల ఆరోగ్య వ్యాను ఒకటి వచ్చింది. ఆడవాళ్ళందరికీ గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేశారు. ఫలితాలు వచ్చాయి. మీ అమ్మకి పాపిలోమా వైరస్ ఉందట, అందులోనూ క్యాన్సర్‌కి దారితీయగల రకం. కంగారు పడొద్దు గాని రెండో పరీక్షకి తప్పకుండా రావాలి, అద్దం పెట్టి చూస్తాం, అవసరమైతే చిన్న ముక్క తీస్తాం అని కాగితం మీద రాశారు.

ఆ కాగితం నాకు వంటింట్లో చూపించింది, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో. హాల్లో మీ నాన్న ఏదో లిఫ్టు మోటారు విప్పి, పాత పేపర్ల మీద పరిచి, ఒక నట్టు కోసం సోఫా కింద పాకుతున్నాడు.

"అత్తయ్యా, ఇది ఎలా అంటుకుంటుందో నర్సు చెప్పింది. ఆయన నన్ను అడుగుతారు. లేదా నేను ఆయన్ని అడగాలి. ఏది జరిగినా ఈ ఇంట్లో ఇక మిగిలేదేముంది?"

"ముందు ఆస్పత్రికి వెళ్ళు. అడగడాలు తర్వాత చూసుకుందురుగాని."

"ఎవరికీ చెప్పనని మాటివ్వండి. ఆయనకి చెప్పొద్దు. పిల్లకి అసలే చెప్పొద్దు."

"అదేంటే! అది చదివేదే ఈ వైరస్ గురించి కదా?"

"అందుకే," అంది.

ఆ "అందుకే" నాకు అర్థం కాలేదు. మాట మాత్రం ఇచ్చేశాను. కుళాయి కింద బకెట్టు పొర్లిపోతోంది, ఆలోచించుకోడానికి ఎక్కడ వ్యవధి?

నాయనమ్మ

*

జనవరి 11

పిడుగుకి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఉత్తరాల్లో ఆనవాయితీ కాబట్టి ఆ వాక్యం రాసినట్టే అనుకో.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్లో నువ్వు మాట్లాడేది నాకు సగమే వినపడుతుంది. మిగతా సగం నేను కల్పించుకుంటాను. పోయినసారి నువ్వు "కణాలు చచ్చిపోయాయి" అంటే నేను "కనకాలు" అనుకుని, ఆ పిల్లెవరో పాపం అని రెండు రోజులు బాధపడ్డాను. కాగితం మీదైతే నాకు చెవుడు లేదు.

నాకు తెలిసిన ఒకావిడకి నీ వైరస్ పట్టుకుందట. పరీక్షలో తేలింది. రెండో పరీక్షకి రమ్మన్నారు. ఆవిడ భయపడుతోంది. నేను ధైర్యం చెబుదామంటే నాకు దాని గురించి తెలిసింది సున్నా. నువ్వు మూడేళ్ళుగా అక్కడ కూర్చుని అసలు ఏం చేస్తున్నావో కూడా నాకు తెలియదు. "వైరస్ జన్యువుల వ్యక్తీకరణ" అని నువ్వు పంపిన కరపత్రంలో చదివాను. వ్యక్తీకరణ అంటే మనిషి మనసులో మాట చెప్పుకోవడం అని మా ప్రెస్సులో వాడుక. వైరస్‌కి చెప్పుకోడానికి అంత ఏముంది?

నాకు అర్థమయ్యేలా రాయి. "నాయనమ్మకి ఇది చాల్లే" అని తగ్గించి రాయకు, "నాయనమ్మకి అన్నీ తెలుసు" అని తప్పించుకోనూ వద్దు.

అక్కడ గాలి పొడిగా ఉంటుందన్నావు, పెదాలకి ఏదైనా రాసుకో.

నాయనమ్మ

*

జనవరి 24

నాయనమ్మా,

మూడేళ్ళలో నా పని గురించి మనవాళ్ళందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎప్పుడు అయిపోతుంది?" నువ్వు "అసలు ఏం చేస్తున్నావు?" అన్నావు. అది చదివి కణాలు పెంచే ఇంక్యుబేటర్ వెనక్కి వెళ్ళి కాసేపు ముక్కు చీదుకున్నాను. జలుబనుకున్నారు అందరూ.

ఈ వైరస్ దగ్గర ఉన్నది బుల్లి సంసారం. ఎనిమిదో తొమ్మిదో జన్యువులు, అన్నీ ఒక చిన్న గాజులా గుండ్రటి డి.ఎన్.ఎ. మీద. సొంత పనిముట్లు ఏవీ తెచ్చుకోదు. మన కణంలో దూరి, మన కణం పొయ్యి మీద, మన కణం గిన్నెల్లోనే వండుకుంటుంది. ఆ జన్యువుల్లో ఏది ఎప్పుడు పలకాలి, ఎంత గట్టిగా పలకాలి అన్నది కొంత వైరస్ ప్రోటీన్లూ, కొంత మన కణం ప్రోటీన్లూ కలిసి తేలుస్తాయి. వ్యక్తీకరణ అంటే అదే. నేను చూసేది వాళ్ళ మధ్య నడిచే బేరసారాలు.

ఆ సంసారంలో ఇద్దరు రౌడీలున్నారు. ఇ6, ఇ7. దెబ్బతిన్న కణం పెరగకుండా ఆపడానికి మన కణంలో కాపలావాళ్ళుంటారు. ఈ ఇద్దరూ చెరొక కాపలావాణ్ణి పట్టుకుని పడుకోబెట్టేస్తారు. వీళ్ళు మరీ రెచ్చిపోతే కణం ఆగకుండా పెరుగుతూ పోతుంది. అదే జబ్బు. తమాషా ఏంటంటే వీళ్ళకి గుమ్మం తెరిచిపెట్టేది మన కణం ప్రోటీన్లే, అమాయకంగా. ఆ గుమ్మంలో బైఠాయించి "చాల్లే, ఇక కట్టిపెట్టండి" అనేది మాత్రం వైరస్‌కే చెందిన ఇంకో ప్రోటీన్, ఇ2. దానికి నేను నాయనమ్మ అని పేరు పెట్టాను. ఇప్పుడు మా గైడ్ మేడం కూడా "నాయనమ్మ ట్యూబు ఫ్రిజ్‌లో పెట్టావా?" అనే అడుగుతుంది. కోప్పడకు.

ఇక నీకు తెలిసినావిడ సంగతి. చాలామందికి ఈ వైరస్ ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయినా, లోపల నాయనమ్మ చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ఆ రౌడీలిద్దరూ నోరెత్తరు, భయపడాల్సింది లేదు.

కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కోసారి ఆ గాజు విరిగి మన క్రోమోజోములో అతుక్కుపోతుంది. విరిగేది చాలాసార్లు సరిగ్గా నాయనమ్మ దగ్గరే. నాయనమ్మ పోతుంది, రౌడీలు మిగులుతారు. అప్పుడే ప్రమాదం. అందుకని ఆవిణ్ణి రెండో పరీక్షకి తప్పకుండా వెళ్ళమను.

నా గోడు కూడా విను. మిణుగురు పురుగులో వెలుగుకి కారణమైన జన్యువు ఒకటుంటుంది. దాన్ని ఆ గుమ్మానికి కట్టాను. గుమ్మం తెరిస్తే కణం వెలుగుతుంది, మూస్తే ఆరుతుంది. నాయనమ్మని పంపిస్తే వెలుగు తగ్గాలి. పెరిగింది! మళ్ళీ చేశాను, మళ్ళీ పెరిగింది. మేడం చూసి "ట్యూబులు తారుమారు చేశావేమో" అంది. మూడేళ్ళ చదువు తర్వాత నాకు చీటీలు అంటించడం రాదని ఆవిడ ఉద్దేశం. చేతికున్న గ్లవ్స్ విసిరికొట్టి వచ్చేశాను. తర్వాత వెళ్ళి నేనే తీసుకుని చెత్తబుట్టలో వేశాను, అది వేరే సంగతి.

నీ పిడుగు

*

ఫిబ్రవరి 3

పిడుగుకి,

నన్ను ప్రోటీన్ చేసినందుకు సంతోషం. ఈ వయసులో ఇంకేం అవుతానో అనుకుంటున్నాను. అయితే ఒకటి గమనించావా? నీ నాయనమ్మ రౌడీల ఇంటి మనిషే. ఈ పోలిక నీకు ఎలా తట్టిందో తీరిగ్గా అడుగుతాను.

ఇప్పుడు నీ మీద నా కోపం సంగతి. నీ ఉత్తరం బాగుంది. అక్షరదోషాలు రెండే. కానీ పేజీ ఎక్కడ తెగిందో చూసుకున్నావా? మొదటి కాగితం చివరి వాక్యం, "భయపడాల్సింది లేదు." "కానీ" అన్న మాట రెండో కాగితం నెత్తిన ఉంది. ప్రెస్సులో ఎవరైనా ఇలా పేజీ కడితే చెవి మెలేసి పంపేదాన్ని.

నీ ఉత్తరాన్ని ఆవిడకి చదవమని ఇచ్చాను. మొదటి కాగితం చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివింది. కళ్ళు తుడుచుకుంది. "అంత చదువుకున్నది చెప్పాక ఇంకేం కావాలి?" అని కాగితాలు నా ఒళ్ళో పెట్టి లేచిపోయింది. "వెనకాల ఇంకోటుంది, అది చూడు" అంటే, "వద్దు, ఇది చాలు" అంది. రెండో పరీక్ష తారీఖు వచ్చింది, పోయింది. ఆవిడ వెళ్ళలేదు. వెళ్ళకపోగా ఆరోజు పాటలు పెట్టుకుని అలమారలు సర్దింది.

నీ గాజు లాగే నీ ఉత్తరం కూడా సరిగ్గా నాయనమ్మ దగ్గరే విరిగింది. మిగిలింది ఇప్పుడు ఆవిడ నెత్తి మీద ఆడుతోంది.

రెండో కాగితం నేను పైకి చదవబోతే చెవులు మూసుకుంది. చిన్నపిల్లా ఏమన్నానా? రోజంతా కంటికి ఆనని గీత కూడా పట్టుకుని తప్పు తప్పే అని పక్కన పడేసే మనిషి. తన దాకా వచ్చేసరికి చూడటమే వద్దట.

నువ్వు మళ్ళీ రాయి. ఒకే కాగితం, ఒకే వైపు. గాజులు, పొయ్యిలు, గిన్నెలు వద్దు. వెళ్ళకపోతే ఏమవుతుందో సూటిగా రాయి. "భయపడాల్సింది లేదు" అన్న వాక్యం నీ కలంలోంచి ఇంకోసారి వస్తే ఆ కలం తెచ్చి నాకివ్వు.

నాయనమ్మ

*

ఫిబ్రవరి 12

నాయనమ్మా,

నీ ఉత్తరం చదివాక చేతిలో పని అక్కడే వదిలేసి ఇది రాస్తున్నాను.

"తెలిసిన ఒకావిడ" అని మొదలుపెట్టేవాళ్ళలో నూటికి తొంభైమంది తమ గురించే అడుగుతారు. మా కాలేజీ శిబిరాల్లో ప్రతిసారీ చూస్తాను. పోనీ ఇంకెవరో అనుకున్నా, నువ్వు నా ఉత్తరం వేరేవాళ్ళకి ఇచ్చే మనిషివా? పొద్దున్న వచ్చిన పేపరు కూడా నువ్వు చదివాక గానీ నాన్న చేతికి ఇవ్వవు. పైగా నీకు నడుం నొప్పి, నీరసం అని అమ్మ పోయిన నెల ఫోన్లో చెప్పింది. ఆస్పత్రి మాటెత్తితే నీకు గిట్టదు. అలమారలు సర్దేది కూడా నువ్వే, మనసు బాగోనప్పుడల్లా.

నువ్వే కదా?

నాతో నిజం చెప్పు. నేను రాసిన ఒక్క వాక్యం వల్ల నువ్వు వెళ్ళడం మానేశావంటే నేనెలా బతకను? దయచేసి వెళ్ళు. నీ వయసులో ఇంకా ఆలస్యం చెయ్యకూడదు.

నీ పిడుగు

*

ఫిబ్రవరి 19

పిడుగుకి,

నేను కాదు.

నడుం నొప్పి నాది. నీరసం నాది. వైరస్ నాది కాదు. అలమారలు ఈమధ్య నేను సర్దడం లేదు, ఎత్తున ఉన్న అరలు అందడం లేదు.

మరెవరు అని అడగకు. మాటిచ్చాను. నేను "కాదు" అని ఎంత గట్టిగా రాస్తే నీకు అంత "అవును" అని వినపడుతుందని నాకు తెలుసు. కాగితం మీద చెవుడు నాకు లేదన్నాను. నీకు ఉందని ఇప్పుడు తెలిసింది.

నాకు ఎంత విసుగ్గా ఉందో చెప్పలేను. ఆవిడతో ఒక ముక్క అంటే ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. రెండు ముక్కలంటే "మీ పని మీరు చూసుకోండి" అంటుంది. నేను నోరు విప్పకముందు ఆవిడ కనీసం ఆ ఆస్పత్రి కాగితం దిండు కింద పెట్టుకునేది. ఇప్పుడు ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియాలి. నా మాట వల్ల మేలు జరగకపోగా ఎదురు తిరుగుతోంది. బతుకంతా నా ఎర్ర సిరా చూస్తేనే రచయితలు వాక్యం మార్చేసుకునేవాళ్ళు. ఇక్కడ నా సిరా ఎవరికీ కనపడటం లేదు.

అడిగినది రాయలేదు నువ్వు. ఒకే కాగితం, ఒకే వైపు. అది పంపు. నా సంగతి వదిలెయ్.

నాయనమ్మ

*

ఫిబ్రవరి 26

నాయనమ్మా,

నువ్వు ఎన్ని కాదన్నా నేను నమ్మను. నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. నువ్వు తిట్టినా సరే. నిన్ను ఆ ఆస్పత్రికి తీసుకెళ్ళే బాధ్యత ఆయనది.

నువ్వు అడిగిన ఒక వైపు ఇదిగో:

నేను రాసింది గాజు పళ్ళెంలో పెరిగే కణాల సంగతి. అది మనిషికి హామీ కాదు. ఒక మనిషి లోపల నాయనమ్మ విరిగిందో లేదో బయటినుంచి ఎవరూ చెప్పలేరు. విరగకుండానే ఆవిడ గుమ్మంలో కూర్చునే చోటు పూడుకుపోయి రౌడీలు బయటపడ్డ సందర్భాలూ ఉన్నాయి. డాక్టరు అద్దం పెట్టి చూస్తేనే తెలుస్తుంది. మార్పులు తొలిదశలో దొరికితే తీసేస్తారు, అయిపోతుంది. చూడకుండా వదిలేస్తే కొన్నేళ్ళకి ప్రాణం మీదికి రావచ్చు.

ఇంతే. పేజీ ఎక్కడా తెగలేదు, చూసుకో.

నా వెలుగు సంగతి తేలింది. ట్యూబులు మారలేదు. నాయనమ్మని కొద్దిగా పంపితే ఆ గుమ్మం మూసుకోదు, ఇంకా తెరుచుకుంటుంది. ఎక్కువ పంపితేనే మూస్తుంది. నేను పిసినారిగా వేశాను, అందుకే వెలుగు పెరిగింది. ఇంకోటి, ఎంత పంపినా నాయనమ్మ ఒక్కర్తివల్లా కాదు. మన కణానికి చెందిన ప్రోటీన్ ఒకటి ఆవిడ చెయ్యి పట్టుకోవాలి. ఆ రెండోదాన్ని నేను అడ్డుకుంటే, నాయనమ్మ ఎంత అరిచినా రౌడీలు లెక్కచెయ్యడం లేదు. మేడం "సరే" అంది. మేడం నోట "సరే" అంటే వేరేవాళ్ళ నోట చప్పట్లు.

కోపంగా, ప్రేమగా,
నీ పిడుగు

*

మార్చి 8

పిడుగుకి,

నిన్ను ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆ తర్వాత నువ్వే తేల్చుకో.

మంగళవారం మీ నాన్న పని మధ్యలో కారు మాట్లాడుకుని ఇంటికొచ్చాడు. చేతికి గ్రీజు. "అమ్మా, పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"పిల్ల అంతా చెప్పింది. సిగ్గుపడాల్సిన పనేం లేదు. రోగం ఎవరికైనా వస్తుంది."

"ఒరే, నాకేం రాలేదురా."

"అలాగే అంటావని కూడా చెప్పింది."

మీ అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మీ నాన్న ఆవిడ వైపు తిరిగి, "నువ్వూ రా. ఆడవాళ్ళ వార్డులోకి నన్ను రానివ్వరు," అన్నాడు.

నేను నోరు మూసుకుని చెప్పులు వేసుకున్నాను. నా జీవితంలో ఒకరు పొరపాటు చేస్తుంటే చూస్తూ దిద్దకుండా ఊరుకున్నది అదొక్కటే. కారులో మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరిలో రోగి ఎవరో చూసేవాళ్ళకి తెలియదు.

ఆస్పత్రిలో ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానికొకటి బిగించి ఉన్నాయి. చివర్న ఎవరు లేచినా వరసంతా ఊగుతుంది. ఊగుతూ కూర్చున్నాం. కాసేపటికి నర్సు తలుపు తీసింది. నన్ను దాటి చూపు మీ అమ్మ మీద ఆగింది.

"మీరా! ఎప్పుడో రావాల్సింది కదమ్మా. ఎన్నిసార్లు ఫోన్ చేశాం, కట్ చేసేశారు."

"ఈవిడ కాదండీ, పేషెంటు మా అమ్మ," అన్నాడు మీ నాన్న.

"మీ అమ్మగారి పేరు మా దగ్గర లేదండీ. ఈవిడదుంది."

వరసలో ఎవరూ లేవలేదు, అయినా కుర్చీలు ఊగాయి. వణుకుతున్నది మీ అమ్మ. అయినా గొంతు మాత్రం గట్టిగానే వచ్చింది. "అవును, నేనే. వైరస్ నాకుంది. అడగండి, మీరు అడగాలనుకున్నది."

"నేనేం అడుగుతాననుకున్నావు?"

"ఎక్కడినుంచి వచ్చిందని."

మీ నాన్న జేబులో ఏదో నట్టు తిప్పుతూ కూర్చున్నాడు. అబద్ధం ఆడడం వాడికి రాదు, ఆ ఒక్క విషయంలో నా పెంపకం ఫలించింది. "వచ్చింది ఆ ప్రశ్న. ఇప్పుడే వచ్చింది," అన్నాడు.

నర్సుకి ఇలాంటివి అలవాటులా ఉంది. గుమ్మంలోంచే చెప్పింది. "దానికి మా దగ్గర కూడా జవాబు లేదండీ. పెళ్ళికి ముందు వచ్చి ఇన్నాళ్ళూ చప్పుడు చెయ్యకుండా ఉండి ఉండచ్చు. మీ నుంచి రావచ్చు, ఈవిడ నుంచి మీకూ రావచ్చు. ఏ పరీక్షా చెప్పలేదు. దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే ఇది. లోపలికి ఎవరొస్తున్నారు?"

మీ నాన్న లేచాడు. వరసంతా ఊగింది. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే నేను ముందు మనుషుల్ని బయటికి తీస్తాను. బటన్ ఎవడు నొక్కాడని అడుగుతూ కూర్చోను," అని మీ అమ్మ హ్యాండ్‌బ్యాగు తన చేతిలోకి తీసుకున్నాడు. "వెళ్ళు. నేనిక్కడే ఉంటా."

మీ అమ్మ నా వైపు చూసింది. నేను లేచి వెంట వెళ్ళాను. నెలంతా నేను ఒక్కర్తినే అరిచిన అరుపుకి కదలని మనిషి, ఆ ఒక్క మాట తోడయ్యేసరికి కదిలింది. నీ పళ్ళెంలో జరిగినదేనని నువ్వు ఎగిరి గంతెయ్యకు. నాకు ఒళ్ళు మండింది.

డాక్టరమ్మ నన్ను చూసి, "మీకేంటమ్మా ఇబ్బంది?" అంది.

"నా మనవరాలు," అన్నాను.

అద్దం పెట్టి చూశారు. మందు పూస్తే ఒకచోట తెల్లబడింది. చిన్న ముక్క తీశారు. ఫలితం రావాలి. మీ అమ్మ ఇంటికొచ్చి పడుకుంది. మీ నాన్న పక్కగదిలో మోటారుని మళ్ళీ విప్పాడు, విప్పాల్సిన అవసరమేం లేకపోయినా. వాళ్ళిద్దరూ ఇంకా సరిగ్గా మాట్లాడుకోలేదు. ఉప్పు అందించుకుంటున్నారు, అంతవరకే.

వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఎవరికీ చెప్పనని మీ అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. నేను మాట తప్పలేదు. నర్సు చెప్పింది.

నాయనమ్మ

*

మార్చి 17

నాయనమ్మా,

అమ్మకా?

ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ చదివాను. ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదు. నీ మీదా, అమ్మ మీదా, నా మీదా?

ప్రతి నెలా కాలేజీ అమ్మాయిల ముందు నిలబడి చెబుతాను: సిగ్గుపడకండి, దాచకండి, ఇంట్లో చెప్పండి. నా సొంత ఇంట్లో కుళాయి తిప్పి మరీ దాచారు. ప్రపంచంలో అమ్మ ఎవరికైనా చెప్పాలంటే అది నాకే కదా? నాకు తెలియనిదా ఇది? ఆ ఇద్దరు రౌడీల గురించి నాకు తెలిసినంత అమ్మ గురించి తెలియలేదన్నమాట.

నిన్న పళ్ళెంలో ఒక వింత చూశాను. జబ్బు కణాల్లోకి నాయనమ్మని తిరిగి పంపితే అవి పెరగడం మానేసి ముసలివైపోయాయి. వెడల్పుగా, నెమ్మదిగా, చదునుగా. మేడం సంతోషించింది. నేను మైక్రోస్కోపు దగ్గర కూర్చుని, అమ్మ కూడా ఇలాగే నిదానంగా, హాయిగా ముసలిది అవ్వాలి అనుకున్నాను. ఇంకేం అనుకోలేకపోయాను.

ఫలితం వచ్చిన రోజే రాయి. అమ్మని అడుగు, నాకెందుకు చెప్పలేదో.

నీ పిడుగు

*

మార్చి 29

పిడుగుకి,

ముందు ఫలితం. జబ్బు కాలేదు. అయ్యే దారిలో సగం దూరం వెళ్ళింది. ఆ భాగాన్ని సన్నటి వేడి తీగతో తీసేశారు. అదే రోజు ఇంటికి పంపించారు. ఇకమీదట వాళ్ళు పిలిచినప్పుడల్లా వెళ్ళి చూపించుకోవాలి, జీవితాంతం పిలుస్తూనే ఉంటారట. "ఇంకా ఆలస్యం చేసుంటే..." అని డాక్టరమ్మ ఆ వాక్యం పూర్తిచెయ్యలేదు. అసంపూర్తి వాక్యాన్ని అలాగే వదిలేసి సంతోషించడం నాకు ఇదే మొదటిసారి.

నువ్వు అడగమన్నది అడిగాను. కుళాయి కట్టేసే అడిగాను.

"దానికి చెబితే నేను దాని పళ్ళెంలో కణాన్నైపోతాను అత్తయ్యా," అంది. "అది ఫోన్ చేసినప్పుడల్లా 'తిన్నావా అమ్మా' అని అడుగుతుంది. చెప్పానంటే దాని వెనకే 'టెస్టులు ఎలా ఉన్నాయి' అని కూడా అడుగుతుంది. నాకు మొదటి ప్రశ్న చాలు."

కాబట్టి ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్నే అడుగు. రెండోది నాకు రాయి.

మీ నాన్న నిన్న ఆవిణ్ణి కార్ఖానా దగ్గర దింపి వచ్చాడు. "దారిలో ఏం మాట్లాడుకున్నార్రా?" అన్నాను. "ట్రాఫిక్ గురించి," అన్నాడు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. కానీ పోయిన వారం ట్రాఫిక్ గురించి కూడా లేదు.

నిన్న సాయంత్రం మీ అమ్మ నీ ఉత్తరాలన్నీ నా దగ్గర తీసుకుంది. ఈసారి రెండో కాగితాలు కూడా చదివింది. నాయనమ్మ ఒక్కర్తివల్లా కాదు, ఇంటి ప్రోటీన్ ఒకటి చెయ్యి కలపాలి అన్నచోట ఆగింది.

"దీనికి ఇంకా పేరు పెట్టలేదే పిల్ల?" అంది.

"నట్టు అని పెట్టమందామా? మీ ఆయన జేబులో ఉన్నదే."

"వద్దు. కోడలు అని పెట్టమనండి."

"కోడలా?"

"మీరే ఆలోచించండి అత్తయ్యా. నాయనమ్మ వచ్చింది వైరస్‌తో. ఇల్లు మాత్రం ఎవరిది?" అని నవ్వింది. కుట్లు లాగాయేమో, పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. కుట్లు వెయ్యలేదని తర్వాత గుర్తొచ్చింది నాకు. ఆ పట్టుకోవడం వట్టి నవ్వుకే.

ఈ ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచి ఆవిడ నా మీద వేసిన మొదటి జోకు ఇది. దిద్దడానికి ఒక్క తప్పు దొరకలేదు.

పెట్టెయ్ ఆ పేరు. మీ మేడం ఏమన్నా అంటే, ఇంటివాళ్ళు ఒప్పుకున్నారని చెప్పు.

ఇట్లు,
వైరస్ తరఫు మనిషి,
నాయనమ్మ